ఞ

పలక మీద దిద్దుకుంట సారును అడిగిన:
దీంతోటి మొదలయ్యే మాట ఏది సార్?
దేనికీ రాదుర, ఊకె దిద్దు, అన్నడు.
ఊకెనే దిద్దిన.
యాభై ఏండ్లు దాన్ని మర్చిపోయి బతికిన.

మొన్న మాఘంల ఎనుమాముల యార్డుకు
మిర్చి విత్తనాల ఆఫీసర్ల గుంపుతోటి
ఒకామె వచ్చింది. పెరూ దేశమట, అయకూచో దిక్కట.
పొట్టి మనిషి, రెండు జడలు, నెత్తిన టోపీ.
పేరు ఫోర్తునాతా.
మా ఓదెమ్మ నోట్లె పడి పోర్తునమ్మ అయింది.

చపాట బస్తా మూతి విప్పి
ఒక కాయ తీసి, చంటిదాని చెంప నిమిరినట్టు నిమిరి
'ఉచు' అన్నది.
మేం అందరం తుమ్ముతున్నం. ఆమె తుమ్ముతలేదు.

ఆమెది క్వెచువా. అదీ ఒక్క తీరు కాదట.
కుస్కో వాళ్లు 'క'ను గొంతుల పటుక్కున పేలుస్తరట.
మేం మెత్తగ అంటం, అందుకే మమ్ముల నవ్వుతరు, అన్నది.
దుబాసీ పిలగాడు చెప్పుడు అయిపోకముందే
ఓదెమ్మ తొడిమెలు తుంచుడు ఆపి
'మమ్ముల గుడ నవ్వుతరు చెల్లె' అన్నది.

నీ భాషల 'నేను'ను ఏమంటరు?
ఆమె గుండె మీద చెయ్యేసుకొని
'ఞొఖ.'

కాంటా రాయబోయిన అంకె మరిచిన.
దేనికీ రాదన్న అక్షరం
ఎక్కడి కొండలల్లనో ఒకామె
పొద్దున లేస్తే తనను తాను పిలుచుకునేది.
తక్‌పట్టీ ఎనుక రాసిచ్చిన, ఇగో ఇది, అని.
చెయ్యి వణికింది, కింది మెలిక తప్పింది.

మేము అంటే ఞొఖయ్కు.
మనం అంటే ఞొఖంచిక్.
స్పానిషుల రెంటికీ ఒకటేనట,
పిలగాడు అక్కడ్నే తండ్లాడిండు. మేం తండ్లాడలే.

పోయేటప్పుడు వ్యాను కిటికీలకెల్లి ఏదో అన్నది.
లారీ ఎనుకకొచ్చే చప్పుడుల నాకు వినరాలే.
మేము అన్నదో, మనం అన్నదో.
ఓదెమ్మను అడిగితె
'మనం' అన్నదట.
ఓదెమ్మ గుడ అక్కడ లేకుండె.

ఆ 'ట' ఆమె భాషల గుడ ఉన్నదట,
కండ్లార చూసినదానికి ఒక తోక,
చెవుల పడ్డదానికి ఇంకో తోక.

నేను చూసింది మాత్రం చెప్త:
ఆ తక్‌పట్టీని నాలుగు మడతలు పెట్టి
గింజల సంచిల దాసుకున్నది.