బోర్లించి చూడాలి

కుర్చీ కనపడగానే కూర్చోబాకు, బోర్లించు,
అంటాడు ఖాజావలి.
స్టోన్‌హౌస్‌పేటలో బియ్యం గోడౌన్ల వెనక ఆయన షెడ్డు.
లోపల స్పిరిట్‌లో నానుతున్న లక్క వాసన,
కాళ్ళు పైకెత్తి పడుకున్న కుర్చీల వరస.
"పైనుండే పాలిష్ ఎవురితోనైనా అబద్ధమాడుద్ది మే,
అడుగుచెక్కకి ఆ తెలివి లేదు."

నాలుగేళ్ళయింది నేను చేరి.
సొరుగు పూర్తిగా బయటికి లాగి
మూలల్లో పావురంతోక అతుకుల్ని వేలితో తడుముతాను.
అన్నీ ఒకే కొలతైతే మిషను కోసింది.
ఒకటి లావు, ఒకటి బక్క, ఒకచోట ఉలి గీత దాటిందంటే
అక్కడ ఒక చెయ్యి ఉంది.
ఆ చేతికి ఆ పూట ఆకలేసి ఉంటుంది,
లేదా వీధిలో ఎవరో పిలిచి ఉంటారు.

గుండ్రటి బల్ల నిజంగా పాతదైతే
గుండ్రంగా ఉండదు.
టేపు పట్టి చూస్తే ఒకవైపు పావంగుళం తక్కువ,
నూరు ఎండాకాలాలకి చెక్క అడ్డంగా ముడుచుకుని.
మరమేకు తల మీద గాడి పక్కకి జరిగుంటే పండగ.
పురుగు బొక్కలో చీపురుపుల్ల దోపి చూడు.
తిన్నగా పోయిందా, అది డ్రిల్లు మిషను పురుగు.
అసలు పురుగుకి అంత తొందరెక్కడిది.

మద్రాసు నించి కార్లలో వచ్చేవాళ్ళు
"విక్టోరియా రాణి కాలందేనా?" అని
ఒకటికి నాలుగుసార్లు అడుగుతారు,
ఆమె దిగొచ్చి కాసేపు కూర్చుని లేచినట్టు.

మొన్న వైశాఖంలో రామాయపట్నం వెళ్ళాం.
ఇసకలో సగం కూరుకున్న దొరల బంగళా,
ఉప్పుగాలి బందుల్ని తినేసింది.
కాపలా ఏసురత్నం తాళం తీయకుండానే
తలుపు ఎత్తి పక్కన పెట్టాడు.
లోపల ఆరు కుర్చీలు. వీపు బుడగలాగ గుండ్రం,
నడుం సన్నం, నెత్తిన ద్రాక్షగుత్తి చెక్కుడు.
ఖాజావలి బీడీ ఆర్పేశాడు.
అసలు సరుకు ముందు ఆయన బీడీ తాగడు.

నేను బోర్లించాను.
గుర్రపు వెంట్రుకలు ఉండాల్సినచోట కొబ్బరిపీచు.
తడిగుడ్డతో రుద్దితే గుడ్డకి పసుపంటింది:
మహాగని కాదు, నల్లమల వేగిస.
ద్రాక్షల మధ్య మట్టి గోరుతో గీకితే
అవి ఈతకాయలు.
ఇక కాళ్ళు. దొరసాని చూపించిన బొమ్మలో
సింహం పంజా ఉండి ఉంటుంది.
సింహాన్ని ఎన్నడూ చూడని వడ్రంగి
చూసిందే చెక్కాడు.
రెండుగా చీలిన డెక్క, వెనక చిన్న గిట్టలతో సహా.
ఒంగోలు గిత్త,
బండ లాగే ముందు నేలని తన్నిపట్టినట్టు.

చట్రం లోపల ఉలితో కొట్టిన అంకెలు, మన అంకెలే:
౧, ౨, ౩, ౪, ౬, ౭.

"సగం రేటే," బీడీ మళ్ళీ ముట్టించాడు ఖాజావలి,
"రాణిది కాదు మే ఇది, మనోడిది."
రిజిస్టర్లో రాశాను: వేగిస. పీచు. గిత్తకాళ్ళు.
చేసినవాడు, అన్న గడిలో పెన్ను కదల్లేదు.
ఆరింటిలో ఎక్కడా పేరు లేదు.
"అయిదోదా? ఉలవపాడులో అంకమయ్య సెలూన్లో ఉండాది,"
అన్నాడు ఏసురత్నం,
"వాళ్ళ ముత్తాతకి జీతం బదులిచ్చారంట."

సెలూన్లో అద్దం ముందు ఉంది.
తెల్లగుడ్డ కప్పుకుని దాన్లో మామిడికాయల బేరగాడు,
ఒక చెంప నిండా నురగ.
గుడ్డ అంచు కింద ఒక డెక్క,
దాని చుట్టూ రాలిన వెంట్రుకలు, నల్లవీ నెరిసినవీ.
అడుగున పేరు ఉండొచ్చు. లేకపోనూ వచ్చు.
కాస్త లేస్తావా అన్నా, బోర్లించి చూడాలి, అని
ఎట్టా అడిగేది, గొంతు మీద కత్తి ఉన్న మనిషిని.
స్టూలు మీద కూర్చున్నాను.
అంకమయ్య రెండో చెంపకి సబ్బు రాస్తున్నాడు.