ఆరో మాట

కిసుము ఆసుపత్రి వరండాలో
యూనిఫారాలు కుట్టే అవూర్‌కి
ల్యాబు కుర్రాడు బొమ్మ గీసి చెప్పాడు:

అసలు పుస్తకం గది దాటదు.
నకలు చీటీ ఒక్కటే బయటికొస్తుంది.
మూడేసి అక్షరాలకో పూస,
పూస వెనక పూస,
దండ ముడుచుకుంటే నెత్తుటి ఎరుపు.

"మీవాడికి ఆరో మాటలో
నడిమక్షరం మారిందమ్మా. అంతే."

అంతేనా!
రాత్రంతా పిల్లాడి మోకాళ్ళలో దిగే కొడవళ్ళు
ఒక్క పూస తేడాకేనా?

కొలతల టేపు చుట్టింది, విప్పింది.
"ఎవరి తప్పిది?"

"మీ చీటీ ఒకటి, వాళ్ళ నాన్నది ఒకటి.
రెండూ కలిశాయి.
ఒక్కటే అయితే మేలే,
సరస్సు దోమల జ్వరం మనిషిని అంత తేలిగ్గా తీసుకుపోదు.
మీ అమ్మమ్మ బతికింది
బహుశా ఆ తప్పు చలవే."

అవూర్ మాట్లాడలేదు.
ఒళ్ళో నిద్రపోతున్న ఒచోలా చొక్కాకి
ఒక గుండీ తప్పు కాజాలో ఉంది.
మెడ దగ్గర్నుంచీ అన్నీ విప్పి
మళ్ళీ పెట్టుకొచ్చింది.