మూడో బొమ్మలో చెయ్యి

రాచెస్టర్, పంతొమ్మిది వందల అరవై ఒకటి, మార్చి.
చెప్పుల కొట్టు మీద మా గది.
కింద తోలు వాసన, పైన ఇండియా ఇంకు వాసన,
కిటికీ అవతల సరస్సు మీంచి వచ్చిపడే మంచు.

నా పని బొమ్మలు గీయడం.
ఎవరో కనిపెడతారు, ఎవరో హక్కులు రాస్తారు,
మధ్యలో లోర్నా విథర్‌బీ అనే నేను
నట్టుకీ బోల్టుకీ నంబర్లు వేస్తాను.
పేటెంటు బొమ్మల్లో ఒక నియమం ఉంది:
వెలుతురు ఎప్పుడూ ఎడమవైపు పైమూల నుంచే రావాలి.
ఏ వస్తువైనా, ఏ వేళైనా.
ఆ లోకంలో సాయంత్రం పడదు.

ఆ మంగళవారం బల్ల మీద మూడు పనులు.

టెలిఫోన్ కంపెనీ వాళ్ల రిలే ఒకటి.
అగ్గిపెట్టెలో పట్టే ఇనప నాలుక.
ఎవరు ఎవర్ని పిలిచినా
టక్కుమని ఒక్కసారి తాకి ఊరుకుంటుంది.
ఎన్ని మాటలు మోసిందో,
ఒక్కటీ దాని నోట పలకదు.

ఫిలిం ఫ్యాక్టరీ వాళ్లది పొరల బొమ్మ.
ఉల్లిపొరే మందమనిపించే పదకొండు పొరలు.
ఎరుపు, పచ్చ, నీలం, అన్నీ
నల్ల అడ్డగీతల్లోనే గీశాను, వెంట్రుకవాసి ఎడంతో.
జిగురంతా పశువుల ఎముకలదట.
"ఆవ మేసిన ఆవుదైతే
ఫిలింకి చూపెక్కువ" అన్నాడు వాళ్ల కెమిస్టు,
సాండ్‌విచ్ తింటూ.

మూడోది కోళ్లది.
తెచ్చినవాడు ఐజాక్ వాన్‌లేర్, వేన్ కౌంటీ రైతు.
జేబు రుమాల్లోంచి ఇత్తడి కవాటం తీసి
నా కాగితం మీద పెట్టాడు, ఇంకా తడిగానే ఉంది.
కోడి ముక్కుతో పొడిస్తే ఒక్క చుక్క.
పొడవకపోతే లేదు.
తొట్టి మురికవదు, కోళ్లు కొట్టుకోవు.

"సదరు కవాటము, సదరు గొట్టమునకు దిగువన,
సదరు పక్షి ముక్కునకు అందునట్లుగా..."
లాయరు రాసింది చదివి
"మా కోడికి ఇంత మర్యాదా!" అన్నాడు.
కానీ కోడిని చుక్కల గీతతో గీస్తామని చెబితే నొచ్చుకున్నాడు.
హక్కు కోరనిదేదైనా మా దగ్గర చుక్కల గీతే.
కోడిని మీరు కనిపెట్టలేదు కదా, అన్నాను.

మూడో బొమ్మకి ఒక చెయ్యి కావాలి,
ఎత్తు సరిచేసే మరని తిప్పుతున్నట్టు.
మా సొరుగులో మాదిరి చెయ్యి ఒకటుంది,
ఇరవై ఏళ్లుగా అన్ని మీటలూ అదే నొక్కుతోంది.
అది చూపిస్తే తల అడ్డంగా ఊపాడు.

"ఆ మర పెట్టాలన్నది నేను కాదు, నెల్టీ.
నేను ఇటుకలు పేర్చి ఎత్తు చూసేవాణ్ని."
కాసేపు టోపీ అంచు తిప్పాడు.
"కాగితాలు రాసేనాటికి లేదు.
చిటికెనవేలు చిన్నప్పుడే తలుపులో నలిగింది.
మర తిప్పితే అదొక్కటే పక్కకి నిలబడేది,
టీ కప్పు పట్టుకున్న దొరసానిలా."

తన వేలు వంచి చూపించబోయాడు.
అది అంత వంగలేదు.

గీశాను.
నిబ్బు ఆనించడం, ఎత్తడం, ఆనించడం, ఎత్తడం.
ఒక్క వేలికే నలభై మూడు ముక్కలు.
వెలుతురు ఎడమవైపు పైమూల నుంచి.

వాషింగ్టన్ నుంచి జవాబొచ్చింది.
కోడిగుడ్డుకి ఈకలు పీకే మనిషి:
ముప్పై నాలుగో నంబరు రెండుసార్లు పడిందన్నాడు,
ఎనిమిదో హక్కులో "సుమారు" అన్న మాట కొట్టేయమన్నాడు.
వేలి వంకర గురించి ఏమీ అనలేదు.

పదిహేడేళ్లకి హక్కు చెల్లిపోతుంది.
నాలుక, పొరలు, నీటిచుక్క,
ఇప్పుడు ఎవరైనా చేసుకోవచ్చు.
ఆ వేలిని ఎవరూ కోరలేదు కనక
అదింకా ఎవరికీ చెల్లలేదు.

వాన్‌లేర్ ఈస్టర్‌కి డజను గుడ్లు పంపేవాడు,
రెండేళ్లు. మూడో ఏడు రాలేదు.
చివరి డజనులో ఒకటి రెండు సొనలది.
ఆయనకి చెప్పాలనుకున్నాను.