పేరు అనే గడి

దేవరకొండ దాటినంక, ఆముదాలు కోసిన చెల్క.
పొద్దున ఏడు. గాలి లేదు.
ఇటుకపొడి రొమ్ము, కంటి మీద తెల్లగీత,
సున్నంల ముంచి తీసినట్టు కాళ్లు.
తీతువ కాదు. కౌజు అసలే కాదు.
నేను పుస్తకం తిరగేస్తుంటే
అది నాలుగడుగులు ఉరికి, ఆగి,
వంగి మన్ను చూసి,
మళ్ల ఉరికింది.

"అప్పుపిట్ట, సారూ,"
గొర్లను మలుపుకుంట అన్నడు బీరమల్లు.
"షావుకారి కండ్లవడ్డోని లెక్క నడుస్తది, సూడుండ్రి.
మా అవ్వ పెట్టిన పేరు."

బొమ్మ దొరికింది, నూట పన్నెండో పేజీల.
దాని కింద ఇంకేదో పేరు.
నా నోటుబుక్కుల గడి మాత్రం
అవ్వ మాటతోనే నింపిన.

దుర్భిణి అడిగిండు. ఇచ్చిన.
పిట్ట దిక్కు చూడనే లేదు.
నిన్న మందల కలవని గొర్రెను
గుట్ట పొంట దేవులాడుతుండు.