నడుం పట్టీ

ఎలాస్టిక్కు చుట్టలు బస్తాలో వస్తాయి,
ఏ ఊరి నుంచో పాత్రో బాబు చెప్పడు.
నల్ల పట్టీ మీద తెల్ల అక్షరాలు
విక్టన్ విక్టన్ విక్టన్ విక్టన్
చూరు నీళ్ళలా, ఎక్కడా ఆగకుండా.

కత్తిరించి, చుట్టి, కుట్టడం నా పని.
కత్తెరకి చదువు రాదు.
ముప్పై ఆరు నడుముకి పేరు నిండుగా మూడుసార్లు పడుతుంది,
ఇరవై ఎనిమిదికి రెండు పేర్లూ ఓ విక్కూ.
బక్కోడికి పేరు దగ్గర కూడా కోతే.
బరంపురం మగాళ్ళ నడుములు
వాళ్ళ పెళ్ళాలకన్నా మనకే ఎక్కువ తెలుసని
పక్క మిషను రుక్కిణి నవ్వుతుంది.
నేనూ నవ్వుతాను.
డజనుకి పద్దెనిమిది రూపాయలు.

మా తాత పట్టుచీరకి అంచు నేసేవాడు,
గోపురాల వరస, మెట్టు మీద మెట్టు.
ఏ అంచులోనూ తన పేరు పెట్టలేదు.
చూసినవాళ్ళే అనేవారట, ఇది దేరా సాహి నేత అని.
నేను కుట్టేదీ అంచే.
చూడాలంటే మాత్రం చొక్కా ఎత్తాలి.

ఎత్తుతారు కూడా.
ఆదివారం చెల్లెలి పిల్లల్తో గోపాల్‌పూర్ వెళ్ళాను.
కాలేజీ కుర్రాళ్ళు పేంట్లు ఇసకలో కుప్పపోసి
డ్రాయర్లతోనే దిగుతున్నారు సముద్రంలోకి.
ఈతకి వేరే బట్టలుంటాయని టీవీలో చూశాను,
ఇక్కడ లోపలిదీ పైదీ అదే.
దిగేముందు ఫోనుకెదురుగా నిలబడి
పొట్టలు బిగబట్టి
పేరు కనబడేలా పట్టీ సర్దుకున్నారు.
నా కుట్టు నాకు తెలీదా?
మూడోవాడి అతుకు దగ్గర దారం గోధుమరంగు,
నల్లదారం అయిపోయిన మంగళవారం.

వాడినే లాగేసింది అల.
టుకునా, టుకునా అని ఒడ్డంతా కేకలు.
దాలయ్య పరిగెత్తలేదు,
సంతకెళ్తున్నట్టు నడిచి
నీళ్ళు ఛాతీకొచ్చాక మాయమయ్యాడు.
జుట్టు పట్టుకుందామంటే మిలిటరీ కటింగంట,
చెయ్యి పట్టుకుంటే జారిపోయిందంట.
దొరికింది పట్టీ.
ఈడ్చుకొస్తుంటే చూశాను,
వాడి పిడికిట్లో ఎలాస్టిక్కు మూరెడు సాగి
అక్షరాలు ఒకదాన్నొకటి వదిలేసుకుని
ఏ మాటా కాకుండా ఎడంగా నిలబడ్డాయి.
నేను గోధుమరంగు దగ్గరే చూపు పెట్టాను.
దేవుడా అనలేదు,
ఒసే దారమా, అన్నాను.

పిల్లాడు ఉప్పునీళ్ళు కక్కి, లేచి కూచుని
ముందు డ్రాయరు సర్దుకున్నాడు.

మర్నాడు వాళ్ళమ్మ పాత్రో బాబు కొట్టుకొచ్చింది,
అదే కంపెనీవి అరడజను కావాలని.
బాబు ముక్కకి ఇరవై పెంచి ఇచ్చాడు.

దాలయ్యకి బీచి వాళ్ళిచ్చిన నిక్కరుంది,
తొడ మీద సిమెంటు కంపెనీ బొమ్మ,
వెనక ఏదో బ్యాంకు.
"చదివేదెవులమ్మా నీటిలో, చేపలా?" అన్నాడు.
"లోపలికొకటి కుట్టిపెట్టు, పేరొద్దు."
పేరులేని ఎలాస్టిక్కు మా దగ్గర లేదు.
పట్టీ తిరగేసి కుట్టాను, అక్షరాలు ఒంటివైపు.

వారం పోయాక గంపతో పోలమ్మ కనబడింది.
"ఏటి కుట్టినావే? రాత్రి ఇప్పితే
మావోడి నడుం చుట్టూ ఎర్రగా రాతలు.
బొటనేలితో రుద్దినాను, పోనేదు.
ఏటని రాసుందే?"
తిరగబడి పడుంటాయి, నాకూ రావన్నాను.
"తెల్లారేసరికి ఉన్నాయా?"
"నేవు."
కాసేపు తన బొటనవేలే చూసుకుంది.
కవళ్ళు పావుకిలో తూచి
ఇంకో గుప్పెడు వేసింది.