తొంభై సెకన్లు

మలక్‌పేట మెట్రో మెట్లు దిగితే
ఎడమ చేతి పక్క ఎర్ర బోర్డు మాదే.
లోపల ఎండాకాలం ఉండదు, వానాకాలం ఉండదు,
ఇరవై నాలుగు డిగ్రీల ఒకే ఒక్క కాలం.
ఆ కాలానికి రాత్రి షిఫ్టు మేనేజర్ని నేను.

ఆర్డరు పడిన క్షణం నుంచి
ట్రే చేతికందే దాకా తొంభై సెకన్లు.
ఎవరు లెక్కగట్టారో తెలియదు.
ఏ దేశంలోనో, ఏ చలిలోనో
వాచీ పట్టుకుని నిలబడ్డవాడెవడో
మా సిరాజుద్దీన్ మోచేతి మీద నూనె మచ్చల్ని చూడలేదు,
శనివారం సాయంత్రం కోచింగులు వదలగానే
దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఇటు పొంగే పిల్లల్ని చూడలేదు.

తొంభై దాటితే తెర మీద అంకె ఎర్రబడుతుంది.
ఎర్రబడితే సింగపూర్‌లో ఎవరికో తెలుస్తుంది.
సింగపూర్‌కి తెలిస్తే బెంగళూరు ఫోను చేస్తుంది.
బెంగళూరు చేస్తే గౌరీనాథ్ సారు
మాదాపూర్‌లో కారు తీస్తాడు.
వచ్చి తిట్టడు. అదే బాధ.
రంగురంగుల గీతలున్న పేజీలు చూపిస్తాడు.

పోయినేడు పైనుంచి ఒక ఆలోచన దిగింది:
హైదరాబాదు రుచి కావాలట.
ముగ్గురు ల్యాప్‌టాపులతో వచ్చి
పాతబస్తీలో ఫొటోలు దిగి వెళ్ళారు.
ఆర్నెల్లకు ఒక సాస్ ప్యాకెట్ వచ్చింది.
నేల తుడిచే యాదమ్మ వేలితో అద్ది నాకి
"గిదేందమ్మా,
కారం పేరు ఇన్నోడు చేసినట్టుంది, తిన్నోడు కాదు" అంది.
ఆ మాట రాయడానికి నివేదికలో గడి లేదు.

రోడ్డవతల పోచయ్య మిర్చి బండి.
మబ్బు పట్టిందంటే ఆయన శనగపిండి ఎక్కువ కలుపుతాడు.
మాకు వాన సంగతి
మర్నాటి లెక్కల్లో తెలుస్తుంది.

జూన్‌లో ఇద్దర్ని తీసెయ్యమన్నారు.
తీసేశాను. ఒకమ్మాయి టోపీ తిరిగిచ్చేటప్పుడు
ఉతికి, ఇస్త్రీ చేసి మరీ ఇచ్చింది.
ఆ వారమే సిరాజ్
బంగాళాదుంపల బుట్ట నూనెలోకి దించుతూనే
మోచేత్తో 'అందింది' మీట నొక్కాడు.
తెర పచ్చబడింది.
నేను చూశాను.
చూడనట్టు టిష్యూలు సర్దాను.

నెల తిరిగేసరికి మా సగటు డెబ్బై ఆరు.
గౌరీనాథ్ సారు కేకు తెచ్చాడు.
హైటెక్ సిటీ హోటల్లో మైకిచ్చి
తక్కువ మందితో ఎక్కువ వేగమెలాగో
తక్కిన దుకాణాలకు చెప్పమన్నాడు.
చెప్పాను. చప్పట్లు కొట్టారు.
కొట్టినవాళ్ళలో సగం మందికి
ఆ మీట నాకంటే ముందే తెలుసని
వాళ్ళ కళ్ళు చెప్పాయి.

నిన్న రాత్రి,
ఖాకీ చొక్కా ఆటో ఆయన, పక్కన మనవరాలు.
పిల్ల పుట్టినరోజట, పది రూపాయల నోట్లు ఎంచి కట్టాడు.
చీటీ మీద నూట నలభై ఏడు.
పిల్లకు అంకెలు కొత్తగా వచ్చినట్టున్నాయి,
తెరవంక చూసి గట్టిగా చదువుతోంది.
నూట నలభై ఐదు.
నూట నలభై ఆరు.
నూట నలభై ఎనిమిది.
ఆగింది. వేళ్ళు మడిచి మళ్ళీ లెక్కపెట్టింది.
"తాతా, మనది పోయింది."

ఆయన కౌంటరు దాకా వచ్చి
తనదే ఏదో తప్పయినట్టు చీటీ చాపాడు.
"మాది అయిపోయిందా బిడ్డా?"

ట్రే నేనే తీసుకెళ్ళాను. పదకొండు నిమిషాలు పట్టింది.
తెర లెక్కలో మాత్రం నూట నలభై ఏడు
అరవై ఎనిమిదో సెకనుకే అందుకుని వెళ్ళిపోయింది.
పిల్ల మొదటి ముక్క తాతకు పెట్టింది.
ఆయన నమిలి, నమిలి,
"బాగుంది" అన్నాడు, నా వంక చూడకుండా.

ఇవాళ మీట ముట్టొద్దన్నాను.
సిరాజ్ చేతులు తుడుచుకున్నాడు.
"కబ్ తక్, మేడమ్?"

తెర ఎర్రగా ఉంది.
ఫోను ఇంకా మోగలేదు.