దగ్‌దగ

ఫర్వానియాలో రొట్టెల బట్టీ పక్కసందున
మా టైపింగ్ సెంటర్.
నేను జెరాక్స్ తీసేవాణ్ణి,
పీరాన్ సాబు అరబ్బీ రాసేవాడు.

ఇరవై ఆరేళ్ళుగా అదే పని.
అకామా మార్పు, కఫీల్ మీద ఫిర్యాదు,
ఆగిపోయిన ఏడు నెలల జీతం,
శవాన్ని ఊరికి పంపమనే అర్జీ.
చావుకే ఆయన దగ్గర నాలుగు మాటలుండేవి,
ఎవరికి రాస్తే ఏది వాడాలో తెలిసేది.
వకీళ్ళు కూడా వచ్చి
వాక్యం సరిచేయించుకుని పోయేవాళ్ళు.
ఆయనకు రాని మాట అరబ్బీలోనే లేదని
ఫోన్లో రాయచోటి దాకా చెప్పుకున్నాను నేను.

ఆ బేస్తవారం ఓబుళమ్మ వచ్చింది.
పదమూడేళ్ళు ఒకే ఇంట్లో చేసి
రేపు రాత్రి విమానానికి పోతోంది.
అర్జీ కాదంట. జాబు.
తాను ఎత్తి పెంచిన పిల్లకు,
ఇప్పుడు తలుపేసుకుని ఫోను చూసుకునే పిల్లకు.

"రాయి సాబూ, నువ్వు ఏడిస్తే
అరికాల్లో గిలిగింతలు పెట్టేదాన్ని,
ఊరుకునేదానివి, అని."

పెన్ను 'ఏడిస్తే' దాకా పోయి నిలబడింది.
ఏసీ నీళ్ళు బకెట్లో చుక్క, చుక్క.
నేను మిషను మూత ఎత్తి, ఎత్తినట్టే ఉన్నాను.
సాబు అద్దాలు తీశాడు, తుడిచాడు, పెట్టుకున్నాడు.
"గిలిగింతలు..." అన్నాడు తెలుగులోనే,
అదేదో మందు పేరైనట్టు.
"ఇన్నేళ్ళలో ఎవురూ రాయమనలేదమ్మా."

నాకు సిగ్గేసింది. ఆయన కోసమో,
రాయచోటి కోసమో.

ఓబుళమ్మ నవ్వలేదు.
"దగ్‌దగ" అంది.
"ఆ పిల్లే నేర్పింది. కాలు చాపి
దగ్‌దగ, దగ్‌దగ అనేది."
నాకేమో ఆ చప్పుడుకి
నగల షాపు అద్దాలు గుర్తొచ్చాయి.
అక్షరమ్ముక్క రాదు ఆమెకు.
ఆమె నోట్లోంచి ఆయన చేతిలోకి
దాల్, గైన్, మళ్ళీ దాల్, గైన్.
బడిపిల్లోడిలా గొణుక్కుంటూ రాశాడు.

జాబు అయిపోయింది. అర్ధ దినార్ వద్దన్నాడు.
ఆమెను మాత్రం వదలడు.
"ఎక్కిళ్ళనేమంటారమ్మా ఆ ఇంట్లో?"
చెప్పింది. లెడ్జరు వెనక అట్ట మీద రాసుకున్నాడు.
"పాలపళ్ళని? మారాన్ని?"
బయట ఎండలో లైను పెరుగుతోంది,
ఎవరో పాస్‌పోర్టుతో అద్దం కొడుతున్నారు.
"ఉగ్గుని?"
బస్సు పోతాదని తలుపు చూస్తూనే
వేళ్ళు మడిచి చెప్తోంది ఓబుళమ్మ.

"కొసరుని?"

జాబు రెండు మడతలేసి
పర్సులో దోపుకుంటూ, అప్పుడు నవ్వింది.
"ఆ ఇంట్లో కొసరు యాడిదప్పా."